‘వింటర్ స్లీప్’ కొందరికి ఎందుకు ఎక్కదు, కొందరిని ఎందుకు వదలదు?

మీరు అడిగింది ఇది: మీ ఫిల్మ్ క్లబ్బులో టర్కీ సినిమా ‘వింటర్ స్లీప్’ వేశారు. కొందరు సగంలో లేచి వెళ్ళారు. కొందరు చివరిదాకా కూర్చుని, మాట్లాడుకోవడం తప్ప ఇందులో ఏముందన్నారు. ముగ్గురు నలుగురు మాత్రం వారం గడిచినా దాని గురించే మాట్లాడుతున్నారు. తేడా ఓపికలో ఉందా, అభిరుచిలో ఉందా, సినిమాలోనే ఉందా? ఇలాంటివి మళ్ళీ వేయొచ్చా?

వేయొచ్చు, వేయండి. కాకపోతే ‘ఓపిక’ అనే మాటను ముందు పక్కన పెట్టాలి. లేచి వెళ్ళినవాళ్ళకి ఓపిక లేదు, కూర్చున్నవాళ్ళకి ఉంది అనుకుంటే ఏమీ తేలదు, పైగా లేచి వెళ్ళినవాళ్ళు మళ్ళీ రారు. ‘స్లోగా ఉంది’ అని అందరూ ఒకే మాట అంటారు గానీ, దాని వెనక వేర్వేరు ఫిర్యాదులుంటాయి. వాటిలో సగం సినిమాకి సంబంధించినవి కూడా కావు, మీ హాలుకి సంబంధించినవి.

నిడివి సంగతి తొందరగా తేల్చేద్దాం. సినిమా 196 నిమిషాలు. తెలుగు ప్రేక్షకుడికి ఇదేమీ దడ పుట్టించే లెక్క కాదు. 1957 నాటి ‘మాయాబజార్’ కూడా మూడు గంటల పైమాటే, దాన్ని ఇప్పటికీ టీవీలో వస్తే కదలకుండా చూస్తాం. నిడివి చూసి జంకడం మీ సభ్యులకే పరిమితం కాదు. 2014లో కాన్ చలనచిత్రోత్సవంలో ఈ సినిమాకి అక్కడి అత్యున్నత బహుమతి పామ్ డోర్ ఇచ్చిన జ్యూరీ అధ్యక్షురాలు జేన్ కాంపియన్ కూడా ముందు భయపడ్డానన్నారు, మధ్యలో బాత్రూమ్‌కి లేవాల్సి వస్తుందేమో అనుకున్నారట. తీరా కూర్చున్నాక ఇంకో రెండు గంటలైనా ఉండగలిగేదాన్నని చెప్పారు. కాబట్టి గడియారాన్ని తప్పుపట్టి లాభం లేదు.

అసలు చిక్కు సబ్‌టైటిల్స్ దగ్గర మొదలవుతుంది. దీని గురించి ఎవరూ సరిగ్గా మాట్లాడరు గనక కాస్త వివరంగా చెబుతాను.

నెమ్మది సినిమా అనగానే మాటలు తక్కువ, నిశ్శబ్దం ఎక్కువ అనుకుంటాం. దీని దర్శకుడు నూరి బిల్గె జెయ్లాన్ తొలి సినిమాలు అలాంటివే. 2002లో తీసిన ‘ఉజాక్’ 110 నిమిషాలు, మంచు పడుతున్న ఇస్తాంబుల్, ఒకే ఇంట్లో ఉంటూ సరిగ్గా మాట్లాడుకోని ఇద్దరు చుట్టాలు. అందులో చూడ్డమే తప్ప చదవడం తక్కువ. ‘వింటర్ స్లీప్’ దానికి పూర్తిగా ఎదురు. ఇది మాటల సినిమా. జెయ్లాన్, ఆయన భార్య ఎబ్రు జెయ్లాన్ కలిసి రాసిన సంభాషణలు ఒక్కో గదిలో పది, పదిహేను నిమిషాలు ఆగకుండా నడుస్తాయి. టర్కిష్ తెలిసినవాడు చెవితో వింటూ కంటితో మొహాలు చూస్తాడు. మనం కంటితో ఇంగ్లీషు చదివి, మనసులో తెలుగు చేసుకుని, మిగిలిన సెకను ముక్కలో మొహం చూడాలి. సబ్‌టైటిల్ మామూలుగా రెండు లైన్లు, లైనుకి 40 అక్షరాల చుట్టూ, సెకనుకి 15 నుంచి 20 అక్షరాల వేగంతో వస్తుంది. రెండు నిమిషాల సీనులో ఇది భారం కాదు. వాదన పదిహేను నిమిషాలు సాగితే కన్ను తెర కింది అంచు వదిలి పైకే రాదు. అప్పుడు ప్రేక్షకుడు చూసింది సినిమా కాదు, కింద పాకిన అక్షరాలు. ఆయన ‘ఏమీ జరగలేదు’ అంటే తన వరకు నిజమే చెబుతున్నాడు.

ఆయ్దిన్, అతని తోడబుట్టిన నెజ్లా చదువుల గదిలో వాదించుకునే సీను తీసుకోండి. ఆయ్దిన్ ఒకప్పటి నాటక నటుడు. ఇప్పుడు టర్కీలోని కప్పడోకియా కొండల్లో ‘ఒథెల్లో’ అనే హోటల్ నడుపుతూ స్థానిక పత్రికకు వ్యాసాలు రాస్తుంటాడు. అతను బల్ల దగ్గర రాసుకుంటూ ఉంటాడు, వెనక సోఫాలో నెజ్లా ఒరిగి ఉంటుంది. ఆమె అతని రాతల గురించి మాట్లాడటం మొదలుపెట్టేసరికి అతని వీపు ఆమె వైపే ఉంది. మాటలు రాత గురించి, మతం గురించి, మనస్సాక్షి గురించి. సబ్‌టైటిల్స్ మాత్రమే చూసినవాడికి ఇది సెమినార్. మొహాలు, గొంతులు పట్టించుకున్నవాడికి ఇద్దరు మనుషులు ఒకరి బతుకు వ్యర్థమైపోయిందని ఇంకొకరు పరమ మర్యాదగా నిరూపించుకోవడం. ఎవరూ గొంతు పెంచరు. అవమానమంతా ఆ మర్యాదలో, వాక్యానికీ వాక్యానికీ మధ్య చిన్న నవ్వులో ఉంది. నెజ్లాగా దెమెత్ అక్బా ఈ సీనులో చేసినదంతా చూడాల్సినదీ వినాల్సినదీ. చదివితే సగమే దొరుకుతుంది.

అంతకుముందు నెజ్లా ఒక సిద్ధాంతం చెబుతుంది: చెడుని ఎదిరించకుండా వదిలేస్తే, చేసినవాడికే సిగ్గేసి మారతాడేమో అని. హాల్లో చాలామంది ఇక్కడే జారిపోతారు, గాలి కబుర్లని. ఆమె తాగుబోతు భర్త నుంచి విడాకులు తీసుకుని వచ్చిన మనిషి. విడిపోయి తప్పు చేశానా అన్న తన బెంగనే తత్వంగా అడుగుతోంది. ఈ సినిమాలో ప్రతి వాదనకీ పైకి ఒక విషయం, లోపల ఒక గాయం ఉంటాయి. ఆ సంగతి తెలిసి కూర్చున్నవాడికి వాదనలు నడుస్తున్న కథలా కనిపిస్తాయి, తెలియనివాడికి కథ ఆగిపోయినట్టు ఉంటుంది.

దీనికి విరుగుడు తేలికే. ప్రదర్శనకు ముందు అర పేజీ కాగితం ఇవ్వండి. ఎవరెవరు, ఎవరికి ఏమవుతారు, రెండు పెద్ద వాదనల్లో (ఆయ్దిన్–నెజ్లా, ఆయ్దిన్–అతని భార్య నిహాల్) ఎవరు ఎవరిని దేనికి తప్పుపడుతున్నారు అని నాలుగైదు వాక్యాలు తెలుగులో రాయండి. కథ ముందే చెప్పేస్తే మజా పోతుందన్న భయం ఇక్కడ అక్కర్లేదు, ఈ సినిమాలో దాచాల్సిన మలుపు లేదు. చివరి పావుగంట సంగతి మాత్రం రాయకండి. విషయం ముందే తెలిస్తే కన్ను సబ్‌టైటిల్ మీద ఒక చూపు వేసి పైకి వెళ్ళగలుగుతుంది.

రెండో రకం ఫిర్యాదు కథ ఎదురుచూసేవాళ్ళది. వాళ్ళ తప్పేమీ లేదు, సినిమాయే వాళ్ళకి మాటిచ్చి పక్కకెళ్ళింది. మొదట్లోనే ఇల్యాస్ అనే పిల్లాడు ఆయ్దిన్ వెళుతున్న బండి మీదికి రాయి విసురుతాడు, కిటికీ అద్దం పగులుతుంది. వాడి కుటుంబం ఆయ్దిన్ ఇంట్లోనే అద్దెకుంటోంది. బకాయి పడితే టీవీ, ఫ్రిజ్ జప్తు చేసుకుపోయారు. తండ్రి ఇస్మాయిల్ కోపంతో తన ఇంటి కిటికీ అద్దాన్నే పిడికిలితో పగలగొడతాడు. ఇంత బలంగా మొదలైతే ఎవరైనా ఏమనుకుంటారు? ఇక పగ మొదలైందనుకుంటారు. సినిమా ఆ కుటుంబాన్ని చాలాసేపు పక్కన పెట్టి హోటల్ గదుల్లోకి వెళ్ళిపోతుంది. చివరికొచ్చాక, నిహాల్ డబ్బు పట్టుకుని ఆ ఇంటికి వెళ్ళినప్పుడు గానీ రాయి బాకీ తీరదు. రాయి కోసం ఎదురుచూస్తూ కూర్చున్నవాడికి మధ్యదంతా అడ్డం. పరిచయంలో ఒక్క మాట చెప్పండి చాలు: ‘రాయి విసిరిన పిల్లాడి కుటుంబాన్ని మర్చిపోకండి, సినిమా మర్చిపోలేదు.’

మూడో రకం ‘ఇందులో నాకు నచ్చిన మనిషి ఒక్కడూ లేడు’ అనేది. నా లెక్కలో ప్రేక్షకుల్ని నిజంగా రెండుగా చీల్చేది ఇదే. మిగతావి సర్దుకోగల సమస్యలు, ఇది మాత్రం సినిమా కావాలని పెట్టిన పరీక్ష.

ఆయ్దిన్ చెడ్డవాడు కాడు. తండ్రి నుంచి వచ్చిన ఆస్తి, అద్దెకిచ్చిన ఇళ్ళు, చదువు, మంచి మాట. వసూళ్ళ కంపు తనకు అంటకుండా, తన పనులు చూసే హిదాయెత్‌కీ లాయర్లకీ వదిలేస్తాడు. ఎవరైనా అడిగితే ‘అవన్నీ నాకు తెలియవు’ అంటాడు. మనలో చాలామందికి ఇలాంటి పెద్దమనిషి తెలుసు, కొందరం స్వయంగా అలాంటివాళ్ళమే. ఇల్యాస్ చేత క్షమాపణ చెప్పించడానికి వాడి బాబాయి హమ్ది, ఊళ్ళో ఇమామ్, పిల్లాణ్ణి అంత దూరం నడిపించుకుని హోటల్‌కి తీసుకొస్తాడు. చెయ్యి ముద్దుపెట్టుకొమ్మంటాడు. ఆయ్దిన్ వద్దువద్దంటూనే ఉంటాడు, చెయ్యి మాత్రం ముందుకు వస్తుంది. పిల్లాడు ముద్దుపెట్టడు, నిలబడ్డచోటే స్పృహ తప్పి పడిపోతాడు. ఆ ముందుకొచ్చిన చేతిని గమనించినవాళ్ళు తర్వాత రెండు గంటలు ఆయ్దిన్‌ని వదలకుండా చూస్తారు. గమనించనివాళ్ళకి అతను మాటకారి ముసలాయన, అంతే. మీ ప్రదర్శనలో ఈ సీను దగ్గర ఎంతమంది తెర చూస్తున్నారో, ఎంతమంది ఫోను చూస్తున్నారో గుర్తు తెచ్చుకోండి.

హలూక్ బిల్గినెర్ నటన గొప్పతనం ఆయ్దిన్‌ని ఎక్కడా విలన్‌గా చూపించకపోవడం. అందుకే కొందరు అతని వైపు ఉండిపోతారు. భార్య నిహాల్ బడుల కోసం పోగుచేసే విరాళాల లెక్కలు సరిగ్గా రాయలేదని, రసీదుల్లేవని అతను పట్టుకుంటే, ‘సరిగ్గానే అడిగాడు కదా’ అంటారు. లెక్క ప్రకారం నిజమే. ఆమెకు తనదంటూ ఉన్న ఒక్క పనినీ అతను సాయం చేస్తున్నట్టుగా లాక్కున్నాడని ఇంకొందరు మండిపడతారు. అదీ నిజమే. మెలిసా సోజెన్ నిహాల్‌ని ఉత్త బాధితురాలిగా చెయ్యలేదు. ఆయ్దిన్ విరాళంగా ఇచ్చిన డబ్బు తీసుకెళ్ళి ఇస్మాయిల్‌కిచ్చి తన మనసు తేలిక చేసుకోబోతుంది. అతను నోట్లు చేతిలో పట్టుకుని, ఇందులో ఇంత నా కొడుకు తెగింపుకి, ఇంత తమ్ముడి అవస్థకి అన్నట్టు పంచి చెప్పి, మొత్తం పొయ్యిలో వేస్తాడు. దానధర్మాలు చేసే అలవాటున్న ప్రేక్షకులు ఈ సీనుకి చాలా ఇబ్బంది పడతారు. ‘పొగరు’ అన్నవాళ్ళూ, ‘అంతే చెయ్యాలి’ అన్నవాళ్ళూ ఒకే వరసలో కూర్చుని ఉంటారు. మీ క్లబ్బులో ఆ గొడవ జరిగి ఉంటే ప్రదర్శన బాగా జరిగినట్టే.

రష్యన్ కథల తెలుగు అనువాదాల మీద పెరిగినవాళ్ళు ఈ సినిమాలోకి సులువుగా దిగుతారు. చెహోవ్ ‘భార్య’ కథ దీనికి వెన్నెముక. అక్కడా భార్య కరువు సాయం చేస్తుంటే భర్త తలదూరుస్తాడు, ఊరు విడిచి వెళతానని స్టేషన్ దాకా వెళ్ళి తిరిగొస్తాడు. రాయి విసిరిన పిల్లాడు, డబ్బు తిరస్కరించే తండ్రి దోస్తయెవ్‌స్కీ ‘కరమజోవ్ సోదరులు’ నుంచి వచ్చారు. అక్కడ తండ్రి నోట్లను కాళ్ళ కింద తొక్కుతాడు. డబ్బు నిప్పుల్లో పడేది అదే రచయిత ‘ఇడియట్’లో. సభ్యుల్లో ఎవరైనా చెహోవ్ కథ చదివి ఉంటే, ప్రదర్శనకు ముందు పది నిమిషాలు దాని గురించి చెప్పించండి. సినిమా గురించి ఉపన్యాసం కన్నా అది బాగా పనిచేస్తుంది.

సంగీతం గురించి రెండు మాటలు. మన సినిమాల్లో ఎప్పుడు జాలిపడాలో, ఎప్పుడు నవ్వాలో రీరికార్డింగ్ చెప్పేస్తుంది. ఇక్కడ ఆస్ట్రియా స్వరకర్త షూబర్ట్ 1828లో రాసిన ఏ మేజర్ పియానో సొనాటాలోని నెమ్మది భాగం అప్పుడప్పుడూ వినిపిస్తుంది, అంతకుమించి దాదాపు ఏమీ లేదు. హమ్ది పళ్ళికిలిస్తూ నవ్వినప్పుడు వాణ్ణి చూసి నవ్వాలా, వాడి అవసరానికి జాలిపడాలా అని మనమే తేల్చుకోవాలి. ఆ పని ఇష్టమున్నవాళ్ళకి సినిమా దగ్గరవుతుంది, రోజంతా ఆఫీసులో తేల్చుకుని వచ్చినవాళ్ళకి బరువవుతుంది. వారం మధ్యలో రాత్రి ఏడున్నరకి వేస్తే రెండో రకమే ఎక్కువ. ఆదివారం మధ్యాహ్నం నాలుగింటికి మొదలుపెట్టండి.

మంచు కోసం వచ్చినవాళ్ళ నిరాశ కూడా ఉంటుంది. పేరు చూసి తెల్లటి లోయలు ఊహించుకుంటారు. మొదట్లో కనిపించేది బురద, ఎండిన నేల, చివరి టూరిస్టులు. మంచు ముమ్మరంగా కురిసేది చాలా ఆలస్యంగా, మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి ఇక ఏమీ మిగలనప్పుడు. అప్పటిదాకా దీపం వెలుతురులో గదులే. ఈ సంగతి పోస్టరు మీదే రాయండి.

ఇక హాలు. ఇది పట్టించుకోకపోతే పైన చెప్పినవేవీ పనిచెయ్యవు.

కుర్చీలో కూర్చున్న మనిషి తల నేల నుంచి సుమారు నాలుగు అడుగుల ఎత్తులో ఉంటుంది. సమతలంగా ఉన్న హాల్లో తెర కింది అంచు అంతకన్నా కిందుంటే వెనక వరసలకి సబ్‌టైటిల్ రెండో లైను కనిపించదు. తెరను పైకి కట్టండి, కుర్చీలు ఒకదాని వెనక ఒకటి కాకుండా సందుల్లో వచ్చేలా వెయ్యండి. చిత్రం వెడల్పు నిష్పత్తి 2.35 కాబట్టి మామూలు టీవీ మీద పైనా కిందా కలిపి దాదాపు పావు వంతు నల్లగా పోతుంది. కొన్ని ప్లేయర్లు సబ్‌టైటిల్‌ని ఆ నల్ల పట్టీ అడుగుకి నెట్టేస్తాయి. దాన్ని బొమ్మ కింది అంచుకి తీసుకురండి, కంటి ప్రయాణం తగ్గుతుంది.

ప్రొజెక్టరు ‘వివిడ్’లో ఉంటే మార్చి ‘సినిమా’లో పెట్టండి. ముందుగా రెండు సీన్లు చూసి సరిచెయ్యాలి: దీపం పక్కన మొహం కనిపించే రాత్రి సీను ఒకటి, మంచు సీను ఒకటి. బ్రైట్‌నెస్ తక్కువైతే మొదటిదాంట్లో కళ్ళు గుంటలైపోతాయి, కాంట్రాస్ట్ ఎక్కువైతే రెండోదాంట్లో మంచు సున్నం కొట్టిన గోడలా పాలిపోతుంది. టీవీ అయితే కదలికను నునుపు చేసే సెట్టింగు ఆపండి. కంపెనీని బట్టి ట్రూమోషన్, మోషన్‌ఫ్లో, ఆటో మోషన్ ప్లస్ అని ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే ఇంత నిదానమైన సినిమా కూడా సీరియల్‌లా కనిపిస్తుంది.

భాష రాదు కదా, సౌండుదేముంది అనుకోకండి. గొంతులే ఈ సినిమా. ఆడియో 5.1లో (ఆరు ఛానెళ్ళలో) ఉండి ల్యాప్‌టాప్ నుంచి రెండు స్పీకర్లకి వెళితే మాటలుండే మధ్య ఛానెల్ నీరసపడొచ్చు, ప్లేయర్లో స్టీరియోకి మార్చి పరీక్షించండి. సీలింగ్ ఫ్యాన్లు పూర్తి వేగంలో తిరుగుతుంటే పొయ్యి చిటపట, బయటి గాలి వినపడవు. అవి లేకపోతే గది ఖాళీ గదే, చలికాలం కాదు.

ఇంటర్వెల్ ఇవ్వండి. దర్శకుడు పెట్టలేదు కదా అని మొండికేసి ఏడెనిమిది మందిని పోగొట్టుకోవడం తెలివి కాదు. ఆయ్దిన్–నెజ్లా వాదన పూర్తిగా ముగిశాక, తర్వాతి సీను మొదలయ్యేలోపు ఆపండి. వాదన మధ్యలో ఆపితే అందులో కూడుకున్న వేడంతా పోతుంది. పది నిమిషాలు, టీ, సగం లైట్లు. ఆ పది నిమిషాల్లో సినిమా గురించి మైకులో ఎవరూ మాట్లాడకూడదు.

అయిపోయాక ‘నచ్చిందా?’ అని అడగొద్దు. ఆ ప్రశ్నకి రెండే జవాబులు, రెండూ పనికిరావు. చీటీలిచ్చి ‘మీ ధ్యాస మొదట ఏ సీనులో తప్పింది?’ అని ఒక్కటే రాయించండి. జవాబులు పెద్ద వాదనల దగ్గర పోగైతే మీ సమస్య సబ్‌టైటిల్. మొదటి అరగంటలో పోగైతే పరిచయం సరిగ్గా జరగలేదు, వాళ్ళు ఇంకేదో సినిమా ఊహించుకుని వచ్చారు. స్నేహితుడి ఇంట్లో తాగుడు రాత్రి దగ్గరైతే అలసట, అంటే ఇంటర్వెల్, కుర్చీలు, వేళ. ఎక్కడా పోగవకుండా చెల్లాచెదురుగా ఉంటే ఆయ్దిన్ అంటే పడలేదు, అది చర్చలో మాట్లాడుకోవాల్సిన సంగతి.

చర్చకు ముగింపు ఒక్కటి చాలు. కుందేలును కాల్చి ఇంటికొచ్చిన ఆయ్దిన్ పైన కిటికీలో ఉన్న నిహాల్ వైపు చూస్తాడు, తనని వదిలి ఉండలేనన్న మాటలు అతని గొంతులో వినిపిస్తాయి. పెదవులు కదలవు. కొందరు మారాడంటారు, కొందరు మనసులోనే అనుకుని ఊరుకున్నాడంటారు. అతను పైకి అనలేదనే నేను చదువుకుంటాను. అతను వెంటనే చేసిన పని టర్కిష్ నాటకరంగ చరిత్ర పేరు టైపు చేసి రాయడం మొదలుపెట్టడం, ఆమె మొహంలో ఏ ఊరటా లేదు. ఎదురు వాదనకీ బలముంది: ఇన్నాళ్ళూ వాయిదా వేసిన పుస్తకం ఇప్పుడే ఎందుకు కదిలింది? ఆ చివరి రెండు నిమిషాలు మళ్ళీ వేసి, ఈసారి సబ్‌టైటిల్స్ ఆపేసి చూపించండి. విషయం అప్పటికే తెలుసు కాబట్టి అందరూ మొహాలే చూస్తారు.

తర్వాత ఏం వేయాలన్నది చీటీలు చెబుతాయి. కథ లేదన్నవాళ్ళు ఎక్కువైతే ఇదే దర్శకుడి ‘వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ అనటోలియా’ (2011) వెయ్యండి, రాత్రంతా శవం కోసం వెతుకులాట ఉంటుంది కాబట్టి పట్టుకోవడానికి దారం దొరుకుతుంది. మాటలు ఎక్కువన్నవాళ్ళకి ‘ఉజాక్’. అందులో మహ్మూత్ అనే ఫొటోగ్రాఫర్ రష్యన్ దర్శకుడు తార్కోవ్‌స్కీ తీసిన నెమ్మది సినిమా ‘స్టాకర్’ పెట్టుకుని కూర్చుంటే, ఊరి నుంచి వచ్చిన చుట్టం యూసుఫ్ విసుగెత్తి లేచి పడుకోవడానికి వెళ్ళిపోతాడు. అతను వెళ్ళగానే మహ్మూత్ తార్కోవ్‌స్కీని తీసేసి నీలిచిత్రం పెడతాడు. నెమ్మది సినిమాకి లేచి వెళ్ళేవాడినీ, కూర్చున్నవాడినీ జెయ్లాన్ ఒకే సీనులో అలా పట్టుకున్నాడు. అయితే ఈ సీనుంది కాబట్టి పిల్లలు వచ్చే ప్రదర్శనకి పెట్టకండి. ‘వింటర్ స్లీప్’ నచ్చిన ఆ ముగ్గురు నలుగురూ 2023 నాటి ‘అబౌట్ డ్రై గ్రాసెస్’ అడుగుతారు. దానిలో తూర్పు అనటోలియా మంచు మొదటి నుంచే ఉంటుంది, మెర్వె దిజ్దార్‌కి కాన్‌లో ఉత్తమ నటి బహుమతి వచ్చింది. కానీ నిడివి 197 నిమిషాలు, మాటలు ఇంతకింత. దాన్ని క్లబ్బు మొత్తానికి వెంటనే వెయ్యొద్దు, ఆ నలుగురినీ ఎవరింట్లోనైనా కూర్చోబెట్టి చూపించండి.